టికెట్టు భోజనాలతో కళాకారులకు చిన్న సాయం: విజయవాడలో మొదలుపెట్టాలంటే

మీరు అడిగింది ఇదీ: "మేం ఆరుగురు స్నేహితులం, పటమటలో ఉంటాం. నెలకోసారి ఓ యాభై అరవై మందిని పిలిచి భోజనం పెట్టి, తలా కొంత తీసుకుని, నలుగురు కళాకారులతో తాము చేయాలనుకున్న పని గురించి చెప్పించి, వచ్చినవాళ్లతో ఓటు వేయించి, గెలిచినవాళ్లకు ఆ రాత్రి వసూలైన డబ్బు ఇచ్చేద్దామనుకుంటున్నాం. అమెరికాలో ఇలా చేస్తారని చదివాం. మన దగ్గర నడుస్తుందా? టికెట్టు ఎంత పెట్టాలి? ఏం వండాలి? చట్టపరంగా చిక్కులేమైనా ఉన్నాయా?"

నడుస్తుంది. గుంటూరులో ఇలాంటి భోజనాలు నడిపే బృందంలో నేనూ ఉన్నాను కాబట్టి కాస్త ధీమాగానే చెప్తున్నాను. అయితే మీరు డబ్బులు రావేమోనని భయపడుతున్నట్టున్నారు. ఆ భయం అక్కర్లేదు. మన ప్రాంతంలో మంచి పనికి రెండొందలు తీసి ఇవ్వడానికి వెనకాడేవాళ్లు తక్కువ. ఇక్కడ ఈ ప్రయత్నాన్ని చెడగొట్టేది మన మర్యాదే. వచ్చినవాళ్లకు తక్కువ పెట్టలేం, పెద్దవాళ్లు కనిపిస్తే వేదిక ఎక్కించకుండా ఉండలేం, తెలిసినవాళ్ల ఎదురుగా ఇంకొకరికి ఓటు వేయలేం. ఈ మూడింటికీ ముందే కట్టడి పెట్టుకుంటే మిగతా పనంతా మామూలు ఫంక్షన్ ఏర్పాట్లే, ఆ విద్య బెజవాడ వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ముందు అమెరికా సంగతి. 2007లో షికాగోలో ఇంక్యుబేట్ అనే చిన్న బృందం 'సండే సూప్' పేరుతో ఇది మొదలుపెట్టింది. 2009లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో 'ఫీస్ట్' వచ్చింది. అందరికీ తెలిసింది మాత్రం 2010లో మొదలైన 'డెట్రాయిట్ సూప్'. కార్ల ఫ్యాక్టరీలు మూతపడి, జనం వలసపోయి, నగరపాలక సంస్థ దివాలా అంచున ఉన్న ఊరది (2013లో నిజంగానే దివాలా ప్రకటించింది). అక్కడ మొదట్లో నడిచిన పద్ధతి ఇదీ: గుమ్మం దగ్గర 5 డాలర్లు ఇస్తే సూపు, సలాడ్, రొట్టె, ఒక ఓటు. నలుగురు మాట్లాడతారు, ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, తర్వాత జనం నుంచి నాలుగు ప్రశ్నలు. తెరలు, స్లైడ్లు ఉండవు. అందరూ తింటూ మాట్లాడుకుని ఓటేస్తారు. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లు ఆ రాత్రి గుమ్మం దగ్గర పడిన డబ్బంతా తీసుకెళ్తారు. తర్వాత వచ్చి ఏం చేశారో చెప్తారు. అంతే, గెలిచేది ఎవరో తేల్చే కమిటీలు లేవు.

అందులో మీరు గమనించాల్సింది ఆ సూపునే. అది చవక, ఒక పెద్ద గిన్నెలో అయిపోతుంది, దాన్ని చూసి "ఇదేనా పెట్టింది" అని ఎవరూ అనుకోరు. మన దగ్గర సూపూ బ్రెడ్డూ పెట్టి పంపిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. అందుకని జనం రెండు స్వీట్లు, రెండు హాట్లు, పనీర్ కూర, ఐస్‌క్రీం అని మొదలుపెడతారు. లెక్క చూడండి. 60 మంది, టికెట్టు 200 అంటే 12,000 రూపాయలు. ప్లేటు 250 చొప్పున క్యాటరింగ్‌కి ఇస్తే 15,000. అంటే కళాకారుడికి ఇచ్చేది లేకపోగా మీ జేబులోంచి మూడు వేలు పోతాయి. అదే మీరే వండించి ప్లేటు 70లో ముగిస్తే ఖర్చు 4,200, మిగిలేది 7,800.

నా సలహా ఇంకా తేలిక. భోజనం ఖర్చు టికెట్టులోంచి తీయనే వద్దు. మీ ఆరుగురూ వంతులు వేసుకుని ఒక్కో భోజనం ఒక్కరు భరించండి. అప్పుడు గుమ్మం దగ్గర బోర్డు మీద ఒక్క వాక్యం రాయొచ్చు: "ఈ రాత్రి మీరిచ్చిన ప్రతి రూపాయీ గెలిచినవాళ్లకే." ఈ వాక్యం ఉంటే లెక్క అడిగేవాళ్లే ఉండరు. ఖర్చులు తీసి మిగిలింది ఇస్తామన్నారో, హాలు అద్దె ఎంత, గ్యాస్ ఎంత, మిగిలిన నూనె ఎవరింటికి వెళ్లింది అని మొదలవుతుంది. అయితే నెలకోసారి వంతు ఎవరికైనా బరువే. మూడు నెలలకోసారి పెట్టుకోండి. నెలనెలా పెడితే మంచి ప్రతిపాదనలు కూడా దొరకవు. మూడోసారికే మొదట ఓడినవాళ్లను బతిమాలి పిలవాల్సి వస్తుంది.

మెనూ: ముద్దపప్పు, ఆవకాయ, గోంగూర పచ్చడి, చారు, పెరుగు, అప్పడాలు. దొండకాయ వేపుడు చేయగలిగితే చేయండి, లేకపోతే లేదు. ఇందులో పేదతనం ఏమీ లేదు. గుంటూరు జిల్లాలో పుట్టినవాడు వేడన్నంలో పప్పూ గోంగూరా నెయ్యీ పడితే పనీర్ గురించి అడగడు. 60 మందికి 8 కిలోల బియ్యం, రెండున్నర కిలోల కందిపప్పు, 6 లీటర్ల పెరుగు సరిపోతాయి. నెయ్యి దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మాంసాహారం పెట్టకండి. నాకు దాని మీద కోపమేమీ లేదు. బిర్యానీ పెట్టారంటే ఆ రాత్రి అందరి ధ్యాసా ముక్క మీదే ఉంటుంది, మాట్లాడేవాడిని వినేవాళ్లుండరు. పైగా శనివారాలు, కార్తీకం అంటూ మానేసేవాళ్లు మానేస్తారు.

బఫే వద్దు, బంతి వేయండి. ఇది నేను పట్టుబట్టి చెప్పే విషయం. బఫేలో తెలిసినవాళ్లంతా ప్లేట్లు పట్టుకుని ఒక మూల చేరతారు. బంతిలో పక్కవాడు ఎవరైతే వాళ్లతోనే మాట్లాడాలి. గుమ్మం దగ్గర టికెట్టుతో పాటు ఒక అంకె చీటీ ఇచ్చి, అంకె ప్రకారం కూర్చోబెట్టండి. కలిసి వచ్చిన నలుగురు నాలుగు చోట్ల పడతారు. మొదట గొణుగుతారు, చారు వడ్డించే వేళకు సర్దుకుంటారు. ఎందుకింత పట్టుదల అంటారా? మన దగ్గర నలుగురు కలిసి తినే పెద్ద సందర్భం కార్తీక వనభోజనాలు. అవి ఏటికేడు ఎలా కులాల వారీగా చీలిపోయాయో, ఏ తోటలో ఎవరి బ్యానర్ కడతారో చూస్తూనే ఉన్నాం. వదిలేస్తే మీ భోజనం కూడా ఒక అపార్ట్‌మెంట్ వాళ్లదో, ఒక కాలేజీ బ్యాచ్ వాళ్లదో, ఇంకొకరిదో అయిపోతుంది. అంకె చీటీ దానికి పూర్తి మందు కాదు కానీ, ఖర్చు లేని మందు.

ఇక వేదిక సంగతి. వేదికే వద్దు. ముఖ్య అతిథి వద్దు, జ్యోతి ప్రజ్వలన వద్దు, శాలువాలు, జ్ఞాపికలు అసలే వద్దు. ఒక శాలువా, ఒక మెమెంటో, ఒక బొకే ఖర్చు కలిపితే ఒక నాటకం జట్టుకు రిహార్సళ్ల టీ ఖర్చు. స్థానిక పెద్దలెవరైనా "నేనొస్తాను" అంటే సంతోషంగా రమ్మనండి, టికెట్టు కొనిపించండి, అంకె ప్రకారం బంతిలో కూర్చోబెట్టండి. అలా వచ్చినవాళ్లలో కొందరు భలే ఆనందిస్తారు. రానివాళ్లు రారు, నష్టం లేదు.

మాట్లాడేవాళ్లకు నాలుగు నిమిషాలంటే నాలుగు నిమిషాలే. మనకు "రెండు ముక్కలు చెప్పి విరమిస్తాను" అన్నవాళ్ల చేతిలో మైకు అరగంట ఉండటం అలవాటు. మా దగ్గర ఒక స్టీలు పళ్లెం, గరిటె ఉంటాయి. మూడున్నర నిమిషాలకు ఒకసారి, నాలుగుకు రెండుసార్లు కొడతారు. కొట్టే బాధ్యత ఎప్పుడూ ఒక పదేళ్ల పిల్లకో పిల్లాడికో ఇవ్వండి. పిల్లలకు మొహమాటం ఉండదు, పెద్దలకు పిల్లల మీద కోపం రాదు. ప్రతి ఒక్కరూ మూడు విషయాలు చెప్పాలని ముందే ఫోన్లో చెప్పి ఉంచండి: ఏం చేస్తారు, ఈ డబ్బుతో సరిగ్గా ఏం కొంటారు, ఎప్పటికి అవుతుంది. తమ జీవిత చరిత్రా, తమకు వచ్చిన బిరుదులూ అక్కర్లేదు.

ఓటు దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. చేతులెత్తే పద్ధతి మన ఊళ్లో పనికిరాదు. మేనమామ కొడుకు మాట్లాడి కూర్చున్నాక అతని ఎదురుగా ఇంకొకరికి చేయి ఎత్తే ధైర్యం ఎవరికుంటుంది? వాట్సాప్ పోల్ ఇంకా ఘోరం, ఎవరు ఎటు వేశారో పేర్లతో సహా కనిపిస్తుంది. మేం చింతగింజలు వాడతాం. టికెట్టుతో పాటు ఒక గింజ. ఒక గదిలోనో, చీర కట్టిన మూలనో నాలుగు మట్టి ముంతలు పెట్టి, ఒక్కో దానికి ఒక్కో ప్రతిపాదన పేరు అంటిస్తాం. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి గింజ వేసి వస్తారు. స్టీలు చెంబులు మాత్రం వాడకండి. గింజ పడితే ఖంగుమంటుంది, కుడివైపు చెంబా ఎడమవైపు చెంబా అన్నది బయట బంతిలో ఉన్నవాళ్లకు కూడా తెలిసిపోతుంది. మట్టి ముంతైనా అడుగున పాత గుడ్డ ముక్క వేయండి. ప్రతి ఒక్కరూ వేసేటప్పుడు గుప్పిట మూసి నాలుగు ముంతల్లోనూ చేయి పెట్టి తీయాలన్నది మా నియమం. అప్పుడు చాటుగా చూసినా తెలియదు. గింజలు మాత్రం అందరి ఎదుటా, చాప మీద పోసి లెక్కపెట్టండి.

ఇంకో సంగతి. వెయ్యి రూపాయలిచ్చినవాళ్లకు ఐదు గింజలు ఇవ్వకండి. టికెట్టుకు మించి ఇస్తామంటే తీసుకోండి, కానీ గింజ ఒక్కటే. ఎవరెంత ఇచ్చారో మైకులో చదవకండి. పెళ్లిళ్లలో చదివింపులు రాసి చదివే అలవాటు మన రక్తంలో ఉంది కాబట్టి "ఫలానా వారు ఐదు వేలు" అని ప్రకటించాలని ఎవరికో చేయి దురద పెడుతుంది. ప్రకటిస్తే మరుసటిసారి రెండొందలిచ్చేవాడు రాడు. ఒక సీలు వేసిన డబ్బా గుమ్మం దగ్గర పెట్టి, టికెట్టుకు మించినదంతా అందులో వేయించండి.

చోటు, కాలం గురించి. ఫంక్షన్ హాళ్ల అద్దెలు చూసి భయపడకండి, ఎప్పుడు అడుగుతున్నారన్నదే ముఖ్యం. ఆషాఢంలోనూ, మూఢం ఉన్న రోజుల్లోనూ ముహూర్తాలుండవు. హాళ్లు ఖాళీగా పడి ఉంటాయి, వంటవాళ్లకు పని ఉండదు, షామియానా సప్లై వాళ్లు ఫోన్ మొదటి రింగులోనే ఎత్తుతారు. ఆ రోజుల్లో అడిగితే చిన్న హాలు కరెంటు, క్లీనింగు ఖర్చుకే ఇచ్చేవాళ్లున్నారు. మాఘం, వైశాఖం ముహూర్తాల జోలికి వెళ్లకండి. దసరా పది రోజులూ కొండ దగ్గర రద్దీ, వన్‌టౌన్ ట్రాఫిక్ ఆంక్షలు ఉంటాయి కాబట్టి అటువైపు పెట్టకండి. మే నెలలో మన ఎండకు డాబా మీద రాత్రి ఎనిమిదింటికి కూడా వేడి కొడుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఎవరిదైనా పెద్ద డాబా దొరికితే అంతకన్నా మంచి చోటు లేదు. మైకు పెడితే పది లోపు కట్టేయండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు నిషేధం. అరవై మందికి నిజానికి మైకే అక్కర్లేదు.

ఎలాంటి పనులకు ఈ డబ్బు సరిపోతుంది అన్నది మీరు అడగలేదు కానీ చెప్పాల్సిందే. పది, పన్నెండు వేలతో మొదలై అంతటితో పూర్తయ్యే పనులనే పిలవండి. షార్ట్ ఫిల్ములను నేను పిలవను. ఆ డబ్బు వాళ్లకు కెమెరా అద్దెకు కూడా చాలదు, అవి ఆరు నెలలు సాగుతాయి, చివరికి టీజర్ ఒకటే వస్తుంది. దీని మీద నాతో గొడవపడే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు, పడనివ్వండి. కొండపల్లిలో ఒక యువ కళాకారుడు దశావతారాలు, ఏనుగు అంబారీ కాకుండా మన సిటీ బస్సు, కాలువ గట్టు, కూరగాయల బండి బొమ్మలు కొత్తగా చేసి చూస్తానంటే, తెల్లపొణికి కర్రకూ రంగులకూ ఈ డబ్బు చక్కగా సరిపోతుంది. తెనాలి వైపు పద్యనాటకం ఆడే జట్టుకు ఒక ప్రదర్శనకు కిరీటాలు, దుస్తుల అద్దె, హార్మోనియం వాయించేవారి పారితోషికం వస్తాయి. కథలు రాసే నలుగురు కలిసి పలుచని పుస్తకం వేసుకోవచ్చు.

మనవాళ్ల ఊహ తక్కువదేం కాదు. 1914లో ఆంధ్రలో తొలి గ్రంథాలయ సభ జరిగింది బెజవాడలోనే. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య పడవలో గ్రంథాలయం నడిపించారు. ఇవాళ ఎవరైనా మీ భోజనానికి వచ్చి "కాలువలో పడవ మీద పుస్తకాలు పెడతాను" అంటే ఎన్ని గింజలు పడతాయో ఆలోచించండి. బొత్తిగా వెర్రిగా అనిపించే ప్రతిపాదన ఒకటి ప్రతిసారీ ఉండేలా చూసుకోండి. నలుగురూ పెయింటింగ్ ఎగ్జిబిషన్ల వాళ్లే అయితే జనానికి తేడా తెలియక బంధువుకే వేసేస్తారు.

గెలిచినవాళ్లు మూడు నెలల తర్వాత వచ్చి చెప్పడం అన్నది అలంకారం కాదు. రెండో భోజనానికి జనం రావడానికి అదే కారణం. మా దగ్గర ఒక డిగ్రీ అమ్మాయి గెలిచింది. మిర్చి తొడిమలు తీసే కూలీలు పని చేస్తూ పాడుకునే పాటలు రికార్డు చేస్తానని చెప్పింది. తర్వాతి భోజనానికి నోటుబుక్కు పట్టుకుని వచ్చి, ఆటో చార్జీలు, చిన్న రికార్డర్, పాడినవాళ్లకు ఇచ్చిన చీర ముక్కలు, టీలు, తుమ్ములు ఆగక కొన్న మాస్కులు అని పద్దు పద్దుగా చదివింది. జనం నవ్వారు. మిగిలిన డబ్బు కొద్దిగా ఉంటే బల్ల మీద పెట్టింది. తర్వాత ఫోన్లోంచి ఒక పాట వినిపించింది, వెనక గోనె సంచులు లాగుతున్న చప్పుడు, మధ్యలో ఎవరో మేస్త్రీ కేకలు, వాటి మీదుగా ఆ గొంతు. అప్పటికి పప్పు వడ్డన అయిపోయింది, నెయ్యి గిన్నె పట్టుకున్నాయన వడ్డించడం ఆపేసి నిలబడిపోయాడు. ఈ నివేదికను మాత్రం వడ్డన మధ్యలో పెట్టకండి, భోజనానికి ముందే పెట్టండి. అన్నం చల్లారిపోతుంది.

చట్టం విషయానికి వస్తే, పెద్దగా టెన్షన్ పడాల్సింది లేదు కానీ కొన్ని తెలిసి ఉండాలి. మొదటి ఒకటి రెండు సార్లు రిజిస్ట్రేషన్ల గొడవ లేకుండా చేసి చూడండి. నిలబడుతుందనుకుంటే సొసైటీగా నమోదు చేయించండి. మన రాష్ట్ర 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి, మీరు ఆరుగురే కాబట్టి ఇంకొకరిని చూసుకోండి. ఆ ఏడో మనిషి బ్యాంకు ఉద్యోగి అయితే సగం పని తప్పుతుంది. అప్పటిదాకా ఎవరి సొంత యూపీఐకీ వసూలు చేయకండి. ఇద్దరి పేరు మీద వేరే ఖాతా ఒకటి తెరిచి, దాని క్యూఆర్ కోడ్ గుమ్మం దగ్గర పెట్టండి, అదే రాత్రి అందులోంచే గెలిచినవాళ్ల ఖాతాకు పంపి, స్క్రీన్ అందరికీ చూపించండి. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చిన మొత్తం 50,000 దాటితే తీసుకున్నవాళ్లకు అదంతా పన్ను పడే ఆదాయం అవుతుంది. మీ స్థాయిలో ఒక్కసారి గెలిస్తే అంత రాదు, అదే వ్యక్తిని ఏడాదిలో మళ్లీ మళ్లీ గెలవనివ్వకండి. ఎవరైనా పన్ను మినహాయింపు రసీదు అడిగితే, మీకు ఆ అనుమతి లేదని సూటిగా చెప్పండి.

సామాజిక కార్యక్రమాల్లో ఆహారం పంచేవాళ్లు కూడా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) చిన్న వ్యాపారుల నిర్వచనంలోకి వస్తారు. బేసిక్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, లేదా రిజిస్ట్రేషన్ ఉన్న వంటమాస్టారి చేత వండించండి. జనాన్ని లాగడానికి టికెట్టు మీద లక్కీ డ్రా పెడదామని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. మన రాష్ట్రంలో లాటరీలు నిషేధం, వెండి కుంకుమ భరిణె కోసం స్టేషన్ మెట్లు ఎక్కడం ఎందుకు?

ప్రశ్న చివర్లో మీరు రాసిన మాట ఒకటి మిగిలింది: అమెరికాలో ఉన్న మీ అన్నయ్య ప్రతిసారీ వసూలైనదానికి సమానంగా తానూ పంపుతానన్నారని. ఆయన ఇంకా భారత పౌరుడే అయితే, తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో అది విదేశీ డబ్బు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా మీ బృందం దాన్ని ముట్టుకోకూడదు, మీ సొంత ఖాతాలోకి తెప్పించి ఇందులో కలపడమూ చేయకండి. పౌరసత్వం సంగతి ఏదైనా, నేనైతే ఆ సమానపు వాటా వద్దనే అంటాను. అరవై మంది తలా రెండొందలేసి ఇచ్చింది ఎంతో, ఆయన ఒక్కరిచ్చింది అంతే అయితే, నాలుగో భోజనానికల్లా అది అన్నయ్యగారి స్కాలర్‌షిప్ అయిపోతుంది. ఆయన ఉన్న ఊళ్లో ఇలాంటి సూపు రాత్రులు ఎక్కడైనా జరుగుతున్నాయేమో కనుక్కుని, ఒకసారి వెళ్లి, వడ్డన దగ్గర ఎంతమంది నిలబడ్డారు, ఓట్లు ఎలా లెక్కపెట్టారు, ఓడినవాళ్లతో తర్వాత ఎవరు మాట్లాడారు అన్నది చూసి మీకు ఫోన్ చేసి చెప్పమనండి. ఓడినవాళ్ల సంగతి మాత్రం మరీ మరీ అడగండి.